సూపర్‌హీరో వేషంలో నలుగురికీ పనికొచ్చే పని చేయడం ఎలా

ఇండోనేషియాలోని పరేపరే పట్టణంలో ఒక కాఫీ దుకాణం ఉద్యోగి వీధుల్లో పడి ఉన్న చెత్తను మొదట మామూలు బట్టల్లోనే ఏరేవాడు. దారిన పోయేవారెవరూ ఆగి చూడలేదు. తరువాత అతడు స్పైడర్‌మ్యాన్ దుస్తులు తొడుక్కుని అవే వీధుల్లో అదే చెత్తను ఏరడం మొదలుపెట్టాడు. 2020 జనవరిలో అంతర్జాతీయ వార్తా సంస్థలు అతని గురించి రాశాయి, ప్లాస్టిక్ చెత్త గురించి అతను చెప్పిన మాటలు దేశదేశాల పాఠకులకు చేరాయి. వేషం వేసుకుని సేవ చేయాలనుకునేవారు మొట్టమొదట గ్రహించవలసిన విషయం ఈ ఉదంతంలోనే ఉంది. వేషం వల్ల అతనికి కొత్త బలమేమీ రాలేదు, చెత్త ఏరే వేగమూ పెరగలేదు; జనం చూపు మాత్రం అతని వైపు తిరిగింది. కాబట్టి వేషాన్ని చూపు తిప్పే పనిముట్టుగానే లెక్కవేసుకుని, ముందు పనిని, ఆ తరువాత ఆ పనికి తగిన దుస్తులను నిర్ణయించుకోవాలి. ఈ వరుస తలకిందులైన చోట చివరికి ఫొటోలు తప్ప ఏమీ మిగలవు.

పనిని ఎంచుకోవడం

ఇప్పటివరకు ఈ దారిలో నిలదొక్కుకున్నవారిని పరిశీలిస్తే, వారిలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక చోట, ఒకే లోటు మీద దృష్టి పెట్టినవారని తెలుస్తుంది. టోక్యోలో మాంగెట్సుమన్ అనే పేరుతో, పున్నమి చంద్రుడిలా గుండ్రటి తలతో, ఊదా రంగు దుస్తుల్లో తిరిగే వ్యక్తి నిహొన్‌బాషి వంతెన దగ్గర చీపురు పట్టి ఊడ్చేవాడు. అదే నగరంలో 2013లో ఆకుపచ్చ దుస్తులు, ముసుగు ధరించిన మరొక యువకుడు, అప్పట్లో లిఫ్టు గానీ ఎస్కలేటర్ గానీ లేని హోనాన్‌చో మెట్రో స్టేషన్‌లో మెట్ల దగ్గర నిలబడి, పసిపిల్లల బండ్లను, పెద్దవయసు వారి సామాన్లను మోసిపెట్టాడు. మెక్సికో నగరంలో పెయటోనీటో అనే పేరు పెట్టుకున్న ముసుగు వ్యక్తి 2012 నుంచి పాదచారుల పక్షాన రోడ్డు మీదికి వచ్చి, జీబ్రా గీతల మీద ఆగిన కార్లను చేతులతో వెనక్కి నెడుతున్నట్టు అభినయిస్తూ నడిచేవారికి దారి చేసేవాడు. అతని కేప్, అంటే భుజాల నుంచి వెనుకకు వేలాడే వస్త్రం, కూడా జీబ్రా గీతల్లా నలుపు తెలుపు చారలతో ఉంటుంది. చిలీ రాజధాని శాంటియాగోలో 2020లో కరోనా కాలంలో బ్యాట్‌మ్యాన్ వేషంలో ఒక వ్యక్తి ఇల్లు లేనివారికి వేడి భోజనం పంచాడు.

వీటన్నిటికంటే పాత ఉదాహరణ కొంచెం వివరంగా చెప్పుకోదగినది. 1985 సెప్టెంబరు 19న వచ్చిన భూకంపం తరువాత మెక్సికో నగరంలో వేలాది కుటుంబాలు నిలువ నీడ లేకుండా పోగా, అద్దె ఇళ్లలో ఉన్న ఎందరినో యజమానులు ఖాళీ చేయించడానికి పూనుకున్నారు. 1987లో ఎర్ర దుస్తులతో, ఎరుపు పసుపు రంగుల మల్లయోధుడి ముసుగుతో సూపర్‌బారియో అనే పాత్ర అక్కడ ప్రత్యక్షమైంది. అతడు ఎవరినీ కొట్టలేదు. ఇళ్లు ఖాళీ చేయించే చోటికి ఇరుగుపొరుగును వెంటబెట్టుకుని వెళ్లి నిలబడ్డాడు, అధికారులతో జరిగే చర్చలలో ముసుగుతోనే కూర్చున్నాడు. అతని వెనుక అద్దెదారుల సంఘాలు, వారి సమావేశాలు, వారి దరఖాస్తులు ఉన్నాయి. ఆ సంఘబలం లేకపోతే అతని ముసుగు ఒక వింతగా మిగిలిపోయేదని నా అభిప్రాయం.

మీ చుట్టుపక్కల ఇలాంటి లోటు ఏదో తెలుసుకోవడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. రెండు వారాల పాటు ప్రతిరోజూ ఒకే సమయానికి ఒకే దారిలో కాలినడకన తిరుగుతూ, జనం ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో చిన్న పుస్తకంలో రాసుకోండి. బడి వదిలే వేళ రోడ్డు దాటలేక నిలబడే పిల్లలు, మెట్లెక్కలేక ఆగిపోయే వృద్ధులు, నిండి పొర్లే చెత్తకుండీ, చీకటి పడ్డాక ఎవరూ నడవని సందు, ఇలా ఏదో ఒకటి రెండో వారంలోనూ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. తరువాత ఆ చోట రోజూ పనిచేసేవారిని, అంటే పారిశుద్ధ్య సిబ్బందిని, దుకాణదారులను, బడి కాపలాదారును అడిగి, మీరు అనుకున్నది నిజమైన అవసరమేనా అని నిర్ధారించుకోవాలి. ఆ పనిని అప్పటికే ఏదైనా స్వచ్ఛంద సంస్థ చేస్తూ ఉంటే, కొత్తగా ఒకటి మొదలుపెట్టడం కంటే వారితో చేరి జనం చూపును వారి వైపు తిప్పడం మేలు.

పని దొరికాక కనీసం నాలుగు సార్లు దానిని మామూలు బట్టల్లో చేయండి. పని నేర్చుకోవడానికీ, ఎంతసేపు పడుతుందో, ఏ సామాను కావాలో తెలుసుకోవడానికీ ఇది అవసరం. ఇంకో లాభం కూడా ఉంది: ఆ పని మీకు సరిపడుతుందో లేదో ముందే తెలుస్తుంది. నాలుగోసారికే విసుగు పుడితే, ఆ విసుగును వేషం ఇంకో నాలుగుసార్లు వెనక్కి నెట్టగలదేమో గాని పోగొట్టలేదు.

అన్ని పనులకూ వేషం నప్పదు. జనం చూపు పడితే బాగుపడే పనులు కొన్ని, చూపు పడితే చెడిపోయే పనులు కొన్ని. శుభ్రత, రోడ్డు భద్రత, రక్తదానం మీద ప్రచారం, ఆసుపత్రిలో పిల్లలను నవ్వించడం, వస్తువుల సేకరణ మొదటి కోవలోకి వస్తాయి. దుఃఖంలో ఉన్నవారిని ఓదార్చడం, గృహహింసకు గురైనవారికి అండగా నిలవడం, మానసిక వ్యథలో ఉన్నవారితో మాట్లాడటం, ప్రమాద స్థలాల్లో సహాయక చర్యలు రెండో కోవలోకి వస్తాయి. వీటిలో సహాయపడాలనుకుంటే ఆ రోజుకు వేషాన్ని ఇంట్లోనే ఉంచాలి.

వేషం మనుషుల మీద ఎలా పనిచేస్తుంది

హోనాన్‌చో స్టేషన్‌లోని ఆకుపచ్చ వేషధారి ఒక విలువైన మాట చెప్పాడు: తెలియని మనిషి దగ్గర సహాయం తీసుకుంటే బదులు తీర్చుకోవాలన్న మొహమాటం జనానికి ఉంటుందని, ముసుగు ఉన్నప్పుడు ఆ మొహమాటం తగ్గుతుందని అతని భావం. అది నిజమే అనిపిస్తుంది. మామూలు మనిషి బరువు మోస్తే ఋణపడ్డట్టు ఉంటుంది, ఒక పాత్ర మోస్తే ఆటలో పాలుపంచుకున్నట్టు ఉంటుంది.

ఇటలీలోని మిలాన్ మెట్రోలో పరిశోధకులు జరిపిన ఒక ప్రయోగం ఇంకో కోణాన్ని చూపింది. గర్భిణిలా కనిపించే స్త్రీ రైలెక్కినప్పుడు ఆమెకు సీటు ఇచ్చే సందర్భాలు మామూలుగా సుమారు 38 శాతం ఉండగా, అదే సమయంలో మరో తలుపు నుంచి బ్యాట్‌మ్యాన్ వేషంలో ఒకరు ఎక్కినప్పుడు అవి సుమారు 67 శాతానికి పెరిగాయి. సీటు ఇచ్చినవారిలో సుమారు 44 శాతం మంది తాము బ్యాట్‌మ్యాన్‌ను చూడనేలేదని చెప్పడం విశేషం. అనుకోనిదేదో జరిగినప్పుడు మనుషులు తమ ఆలోచనల్లోంచి తేరుకుని చుట్టూ చూస్తారని పరిశోధకులు భావించారు. ఆచరణలో దీని అర్థం ఏమిటంటే, వేషధారి ప్రతి పనినీ తానే చేయనక్కరలేదు. తాను అక్కడ ఉన్నప్పుడు పక్కవారు చేయగలిగిన చిన్న పనిని వారికి అందుబాటులో ఉంచితే చాలు. ఒక సంచి, ఒక జత గ్లౌజులు అదనంగా దగ్గర ఉంచుకుని, ఆగి చూస్తున్న వ్యక్తికి నవ్వుతూ అందించండి. ఉపన్యాసం వద్దు.

కొలంబియా రాజధాని బొగోటాకు మేయరుగా ఉన్నప్పుడు ఆంటానాస్ మాకుస్ స్వయంగా బిగుతు దుస్తులూ కేప్ వేసుకుని సూపర్‌సివికో, అంటే ఉత్తమ పౌరుడు, అనే పాత్రలో కనిపించాడు. కూడళ్లలో మూకాభినయ కళాకారులను నిలబెట్టి, నియమాలు తప్పినవారిని మాట పలకకుండా అనుకరింపజేశాడు. జరిమానాకు వాదన పెట్టుకునే మనిషి అనుకరణకు సిగ్గుపడతాడన్నది ఆయన నమ్మకం. ఈ పద్ధతిని తీసుకోదలచినవారు ఒక హద్దు పాటించాలి: వేళాకోళం అనేది ఎదుటివారు చేసిన తప్పు మీద ఉండాలే గాని, మనిషి రూపం మీదా నడక మీదా ఉండకూడదు.

నేరస్థులను పట్టుకోవడం మీ పని కాదు

ఈ విషయంలో సందిగ్ధానికి తావు ఇవ్వకూడదు. అమెరికాలోని సియాటిల్‌లో ఫీనిక్స్ జోన్స్ అనే పేరుతో రాత్రిపూట గస్తీ తిరిగిన వ్యక్తి 2011 అక్టోబరులో, గొడవ పడుతున్నట్టు తనకు అనిపించిన ఒక గుంపు మీద పెప్పర్ స్ప్రే కొట్టి అరెస్టయ్యాడు. ప్రాసిక్యూటర్లు చివరకు అభియోగాలు దాఖలు చేయలేదు, కానీ ఆ గుంపులోనివారు తాము కొట్లాడుకోవడం లేదనే చెప్పారు. దూరం నుంచి చూసినవాడికి గొడవ, వేడుక ఒకే తీరుగా కనిపించవచ్చు. ముసుగు వేసుకుని చీకట్లో పరుగెత్తుకొచ్చే మనిషి రక్షకుడో దుండగుడో ఎదుటివారికీ తెలియదు, కబురందుకుని వచ్చే పోలీసులకూ తెలియదు. అలాంటి క్షణంలో దెబ్బ తినే అవకాశం మీకే ఎక్కువ, కొట్టే అవకాశం వస్తే శిక్ష పడే అవకాశమూ మీకే ఎక్కువ.

అందువల్ల ఆయుధమేదీ, ఆయుధంలా కనిపించే బొమ్మ కూడా, దగ్గర ఉంచుకోకూడదు. నిజమైన చేతిసంకెళ్లు, లాఠీ, బ్యాడ్జి వంటివి పోలీసు అధికారాన్ని అనుకరించినట్టు అవుతాయి గనుక, చాలా చోట్ల అదే ఒక నేరం. కళ్ల ముందు నేరం జరిగితే చేయవలసింది ఇంతే: దూరంగా, వెలుతురు ఉన్న చోట నిలబడి అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి, చోటు, సమయం, వాహనం నంబరు, దుస్తుల రంగు, వెళ్లిన దిక్కు చెప్పండి, బాధితులు ఒంటరిగా ఉంటే సహాయం వచ్చేదాకా దగ్గర ఉండండి. పోలీసులు రాగానే ముసుగు తీసి, చేతులు కనిపించేలా ఉంచి, అసలు పేరు చెప్పండి. రహస్య గుర్తింపు అనే ముచ్చట అక్కడితో ఆగిపోవాలి.

నేరస్థుడిని పట్టుకోవాలన్న కోరికను ప్రథమ చికిత్స నేర్చుకోవడం వైపు మళ్లించమని నా సలహా. రోడ్ల మీద ఎక్కువ సమయం గడిపేవారికి ఎప్పుడో ఒకసారి కుప్పకూలిన మనిషి ఎదురుపడవచ్చు. పెద్దవారిలో గుండె ఆగినప్పుడు ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున నొక్కాలి. చదివి తెలుసుకున్నది ఇక్కడ సరిపోదు, శిక్షణ కేంద్రంలో బొమ్మ మీద నొక్కి చూస్తే గాని ఆ లోతు చేతికి అలవాటు కాదు. వేషం విషయంలో ఒక చిన్న జాగ్రత్త ఏమిటంటే, మందపాటి గ్లౌజులతో, కళ్లకు అడ్డుపడే ముసుగుతో ఇది చేయడం కష్టం గనుక, రెండూ ఒక్క లాగుడుతో ఊడివచ్చేలా ఉండాలి.

ముసుగు, చట్టం

ముఖం కప్పుకోవడం మీద దేశదేశానికీ, ఒక్కోసారి నగరానికీ నగరానికీ వేర్వేరు నియమాలు ఉంటాయి. న్యూయార్క్ రాష్ట్రంలో ముసుగులతో గుమిగూడటాన్ని నియంత్రించిన చట్టం 1845 నుంచి 2020 వరకు అమలులో ఉండేది. ఫ్రాన్స్‌లో బహిరంగ ప్రదేశాల్లో ముఖం కనబడకుండా కప్పుకోవడాన్ని నిషేధించే చట్టం 2011 ఏప్రిల్ నుంచి అమలవుతోంది. ఆస్ట్రియాలో అలాంటి చట్టం వచ్చిన 2017 అక్టోబరులోనే, వియన్నాలో ఒక దుకాణం ప్రచారం కోసం సొరచేప వేషం వేసుకుని నిలబడిన ఉద్యోగి తల తొడుగు తీయడానికి ఒప్పుకోనందుకు 150 యూరోల జరిమానా పడింది. నవ్వు పుట్టించే సంగతే అయినా, చట్టం ముందు ఉద్దేశం కంటే కప్పిన ముఖమే ముందు కనిపిస్తుందని అది గుర్తుచేస్తుంది.

కాబట్టి మొదలుపెట్టే ముందు స్థానిక పోలీసు స్టేషనుకు మామూలు బట్టల్లో వెళ్లి, ఏ రోజు, ఏ సమయంలో, ఎక్కడ, ఎంతమంది, ఏ పని చేయబోతున్నారో రాసి ఇవ్వండి. వేషం ఫొటో కూడా జతచేయండి. మాల్, రైల్వే స్టేషన్, బడి ఆవరణ వంటివి ఒకరి అజమాయిషీలో ఉండే చోట్లు కాబట్టి, అక్కడ నిర్వాహకుల అనుమతి విడిగా కావాలి. ఎక్కడైనా ముఖం మొత్తం కప్పే అవసరం నిజంగా ఉందా అని ఆలోచించండి. కళ్ల చుట్టూ మాత్రమే ఉండే ముసుగు లేదా ముఖానికి రంగు వేసుకోవడం సగం చిక్కులను తప్పిస్తుంది. నవ్వు కూడా కనిపిస్తుంది.

దుస్తులు

అందరికీ తెలిసిన పాత్రను తీసుకోవడమా, సొంత పాత్రను కల్పించుకోవడమా అన్నది మొదటి నిర్ణయం. తెలిసిన పాత్రను పిల్లలు క్షణంలో గుర్తుపడతారు. ఒక్కరోజు కార్యక్రమానికి అది చాలు. అయితే ఆ పాత్రలు కంపెనీల సొత్తు. వ్యక్తిగతంగా వేసుకుని చెత్త ఏరినంత మాత్రాన సాధారణంగా ఎవరూ అడ్డుపడరు గాని, ఆ బొమ్మతో విరాళాలు సేకరించినా, చొక్కాల మీద ముద్రించి అమ్మినా చిక్కు వస్తుంది. ఏళ్ల తరబడి చేయదలచినవారికి సొంత పాత్రే మంచిది. పెయటోనీటో చారల కేప్‌లాగా, పాత్రను చూడగానే పని తెలిసేలా ఉండాలి. పేరు పలకడానికి సులువుగా, ఆరేళ్ల పిల్లవాడు ఒక్కసారి విని ఇంటికెళ్లి చెప్పగలిగేలా ఉంటే సరిపోతుంది.

కుట్టించేటప్పుడు అందం కంటే ముందు చూడవలసినవి చాలా ఉన్నాయి. స్పాండెక్స్ కలిసిన బట్ట సాగుతుంది, వంగి లేవడానికి వీలిస్తుంది, కానీ చెమట పీల్చదు. దాని లోపల పలుచని నూలు బనియను వేసుకోవడం మంచిది. ఫోమ్‌తో కండలు పెంచిన దుస్తులు చూడటానికి గంభీరంగా ఉన్నా, లోపల వేడి చేరి బయటికి పోలేదు. ఎండలో అలాంటివి వేసుకుని బరువు మోసేవారికి తల తిరగడం, వికారం మొదలైతే అది వడదెబ్బకు ముందు సూచన కావచ్చు. వెంటనే నీడకు వెళ్లి, తల తొడుగు, పై దుస్తులు తీసి, నీళ్లు తాగాలి. సూచన వచ్చేదాకా ఆగకుండా, ప్రతి అరగంటకూ ఒకసారి విశ్రాంతి తీసుకోవడాన్ని నియమంగా పెట్టుకోండి. ఎవరూ ముందుగా చెప్పని మరో విషయం: పాదాల నుంచి మెడ వరకు ఒకే ముక్కగా ఉండి, వెనుక జిప్పు ఉన్న దుస్తులతో మరుగుదొడ్డికి వెళ్లడం ఒక పెద్ద కార్యక్రమం. పై భాగం, కింది భాగం విడిగా కుట్టించి, నడుము దగ్గర బెల్టుతో కలిపితే చూసేవారికి తేడా తెలియదు.

కేప్ గురించి ఎంత చెప్పినా తక్కువే. అది తలుపుల్లో, మెట్ల కమ్మీల్లో, సైకిల్ చక్రాల్లో, ఎస్కలేటర్ పళ్లలో ఇరుక్కుంటుంది. మెడకు ముడివేసిన కేప్ అలా ఇరుక్కుంటే ఊపిరి ఆడదు. తప్పదనుకుంటే మోకాలి పైకే ఉండేలా కత్తిరించి, ముడికి బదులు భుజాల దగ్గర వెల్‌క్రో లేదా ప్రెస్ బటన్లు పెట్టించాలి. గట్టిగా లాగితే ఊడిపోతుందో లేదో ఇంట్లో ఎవరిచేతనైనా లాగించి చూడండి.

ముసుగు కంటి చూపును పక్కల నుంచి మింగేస్తుంది. తొడుక్కుని తల తిప్పకుండా నిలబడి, రెండు చేతులనూ పక్కలకు చాచి, మెల్లగా ముందుకు తెస్తూ, ఎక్కడ కనబడుతున్నాయో చూసుకోండి. చేతులు బాగా ముందుకు వచ్చాక గాని కనిపించకపోతే కంటి రంధ్రాలను పెద్దవి చేయాల్సిందే. అలాగే మెట్లు దిగి చూడాలి. పాదాలు కనిపించని ముసుగుతో మెట్ల మీద ఇంకొకరి బిడ్డ ఉన్న బండిని మోయడం క్షమించరాని సాహసం. కళ్లద్దాలు వాడేవారు ముసుగు కోసం వాటిని తీసి వెళ్లకూడదు.

పాదాలకు అలవాటైన బూట్లే వేసుకుని, వాటి పైన రంగు బట్ట తొడుగు వేయండి. జేబులు తప్పనిసరి. ఫోను, గుర్తింపు కార్డు, రక్తం గ్రూపు, ఇంట్లోవారి నంబరు రాసిన కాగితం, చిన్న ప్రథమ చికిత్స పొట్లం, నీళ్ల సీసా, చిన్న టార్చిలైటు పట్టే నడుము సంచి కావాలి. సాయంత్రం తరువాత పనిచేసేవారు, పాత్ర ఎంత చీకటిదైనా సరే, చేతులకూ కాళ్లకూ వెన్నుకూ కారు లైట్లకు మెరిసే రిఫ్లెక్టివ్ టేపు కుట్టించాలి. అమెరికాలోని మేరీల్యాండ్‌కు చెందిన ఒక వ్యక్తి ఏళ్ల తరబడి బ్యాట్‌మ్యాన్ వేషంలో ఆసుపత్రులకు వెళ్లి జబ్బుపడిన పిల్లలను పలకరించేవాడు. 2015 ఆగస్టులో ఒక రాత్రి హైవేలో అతని కారు ఆగిపోయింది. దిగి ఇంజిను చూస్తుండగా వేరే వాహనం ఆ కారును ఢీకొనడంతో అతడు మరణించాడు. వాహనం చెడిపోతే రోడ్డు అంచు దాటి దూరంగా నిలబడి సహాయం కోసం ఫోన్ చేయాలన్న నియమం వేషంలో ఉన్నవారికీ లేనివారికీ ఒకటే.

పక్కన మామూలు బట్టల్లో ఒకరు

ఒంటరిగా వెళ్లవద్దు. వేషంలో లేని ఒక సహచరుడు ఎప్పుడూ వెంట ఉండాలి. అతని పని మీకు కనిపించని పక్కలను చూడటం, నీళ్లు అందించడం, సమయం గుర్తుచేయడం, అనుమానంగా అడిగేవారికి శాంతంగా సమాధానం చెప్పడం, మీద పడే అల్లరి పిల్లలను మెల్లగా పక్కకు తప్పించడం. ఎవరైనా తాగి మిమ్మల్ని రెచ్చగొడితే పాత్ర గౌరవం కోసం అక్కడే నిలబడాలనిపిస్తుంది. ఆ క్షణంలో చేయి పట్టి తీసుకుపోయేవాడు పక్కన ఉండాలి. ఇద్దరి మధ్య ఒక గుర్తు మాట ముందే అనుకోండి. ఆ మాట వినబడగానే, చేస్తున్న పని ఏదైనా ఆపి కదలాలి.

ఎదుటి మనిషి

కొందరు పసిపిల్లలకు ముసుగు మనిషి అంటే భయం. పిల్లవాడు తల్లి వెనక్కి జరిగితే మీరు రెండడుగులు వెనక్కి వేసి, మోకాళ్ల మీద కూర్చుని, చేయి ఊపి ఊరుకోండి. పిల్లవాడు దగ్గరికి రావాలే గాని మీరు దగ్గరికి పోకూడదు. పెద్దవారు కనిపించే దూరంలో లేకుండా ఏ పిల్లలతోనూ మాట్లాడకూడదు, ఎత్తుకోకూడదు, తినుబండారాలు ఇవ్వకూడదు, ఎక్కడికీ వెంట తీసుకెళ్లకూడదు. ఎత్తుల మీదినుంచి దూకవచ్చనో, రోడ్డు మీదికి పరుగెత్తవచ్చనో అనిపించే విన్యాసాలు వారి ఎదుట చేయవద్దు. మీరు చేసినదాన్ని సాయంత్రానికి ఇంటి గోడ మీద నుంచి చేసి చూస్తారు.

ఇల్లు లేనివారికి ఏదైనా ఇచ్చేటప్పుడు ముందుగా పేరు అడగండి, ఏం కావాలో అడగండి. మేజోళ్లు, లోదుస్తులు, సబ్బు, స్త్రీలకు శానిటరీ ప్యాడ్లు వంటివి తరచుగా అవసరమవుతాయి గాని, ఇచ్చేవారికి వాటి ఊహ చాలా తక్కువసార్లు వస్తుంది. నిద్రపోతున్నవారిని లేపకూడదు. ముసుగు మనిషి పైకి వంగి ఉండగా మెలకువ రావడం ఎవరికైనా హడలే. ఇక ఫొటో సంగతి. ఇచ్చే చేతినీ పుచ్చుకునే చేతినీ కలిపి తీసిన ఫొటో మీకు గొప్పగానూ అవతలివారికి తలవంపుగానూ ఉండవచ్చు. ఊడ్చిన వీధిని, నిండిన సంచులను, మీ వేషాన్ని ఎన్నైనా తీసుకోండి. ఎదుటివారి ముఖాన్ని వారు కోరితే తప్ప, పిల్లల ముఖాన్ని తల్లిదండ్రులు అనుమతిస్తే తప్ప తీయవద్దు.

చెత్త ఏరేటప్పుడు పొడవాటి పట్టకారు, మందపాటి గ్లౌజులు వాడాలి. సూది కనిపిస్తే మూత పెట్టే ప్రయత్నం చేయకుండా, పట్టకారుతో తీసి, గుచ్చుకోని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ఆరోగ్య కేంద్రం చెప్పిన చోట అప్పగించాలి. వేషం గ్లౌజులు ఈ పనికి పనికిరావు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు

అమెరికాలో 2012లో పిల్లల ఆసుపత్రుల కిటికీలు తుడిచేవారు సూపర్‌హీరోల దుస్తుల్లో తాళ్ల మీద నుంచి దిగడం మొదలైంది. ఆ ఆలోచన ఎన్నో ఆసుపత్రులకు పాకింది. దానిలోని తెలివి ఏమిటంటే, వారు ఎలాగూ చేయవలసిన పనిలోనే, గాజుకు అవతల ఉండి, ఏ రోగినీ తాకకుండా, గది మొత్తాన్ని సంబరంతో నింపగలిగారు. మీరు లోపలికి వెళ్లదలిస్తే ఆసుపత్రి నిర్వాహకులు ముందుగా పిలిచిన రోజున, వారి సిబ్బంది వెంట మాత్రమే వెళ్లాలి. దుస్తులు ఆ ఉదయమే ఉతికి ఉండాలి, మెరుపు పొడి రాలకూడదు, బెలూన్లు ఉండకూడదు, రబ్బరు పడనివారు ఉంటారు. కొంచెం జలుబు ఉన్నా ఆ రోజు మానుకోవాలి. ప్రతి గది ముందూ చేతులు శుభ్రం చేసుకోవాలి. "త్వరగా నయమైపోతుంది" అని మాట ఇవ్వకండి. పాత్ర నోట వచ్చిన మాటను పిల్లలు అక్షరాలా నమ్ముతారు. వారి బొమ్మ గురించో, గీసిన చిత్రం గురించో అడిగితే చాలు. గది బయటికి వచ్చాక ఏడుపు వస్తే సహచరుడి దగ్గర ఏడవవచ్చు, దానికి సిగ్గుపడనక్కరలేదు.

డబ్బు, లెక్కలు, కొనసాగింపు

వీలైనంతవరకు డబ్బు ముట్టకండి. ఇస్తామన్నవారిని వస్తువులు కొనిపెట్టమనండి, లేదా నమోదైన స్వచ్ఛంద సంస్థకు పంపండి. ముసుగు వెనుక ఉన్న మనిషికి డబ్బు ఇచ్చినవాడు రేపు లెక్క అడగడానికి ఎవరి దగ్గరికి పోవాలి? తప్పనిసరై తీసుకుంటే అసలు పేరుతో రసీదు ఇచ్చి, లెక్కలు నెలనెలా అందరికీ కనిపించేలా పెట్టాలి.

ప్రతిసారీ తిరిగి వచ్చాక పుస్తకంలో నాలుగు ముక్కలు రాయండి: ఎన్ని సంచులు నిండాయి, ఎంతమంది చేయి కలిపారు, ఏది విరిగింది, ఎవరు ఏమని అడిగారు. ఆరు నెలల తరువాత మీరు లేనప్పుడు కూడా ఆ వీధి శుభ్రంగా ఉందో లేదో ఈ పుస్తకమే చెబుతుంది. దుస్తులను అదే రాత్రి చల్లని నీళ్లలో ఉతికి, నీడన ఆరవేసి, కుట్లు సరిచూసుకోవాలి.

మానేయవలసి వస్తే చెప్పకుండా మాయం కావద్దు. వారం వారం అదే మెట్ల దగ్గర ఎదురుచూసేవారు ఉంటారు. చివరి రోజును ముందుగా చెప్పి, దారి వివరాలున్న పుస్తకాన్ని తరువాతి వ్యక్తికి అప్పగించండి. మీ దుస్తులను మాత్రం వారికి ఇవ్వవద్దు. ఎత్తులో నాలుగు వేళ్ల తేడా ఉన్నా, గొంతులో కొంచెం మార్పు ఉన్నా పిల్లలు పట్టేస్తారు, మోసపోయామనుకుంటారు. కొత్తగా వచ్చినవారికి కొత్త రంగు, కొత్త పేరు ఉండాలి; ఒకటి రెండు వారాలు ఇద్దరూ పక్కపక్కనే పనిచేస్తే, ఆ పేరును పిల్లలు వాళ్లంతట వాళ్లే పిలవడం మొదలుపెడతారు.